గుంతకు గ్యారంటీ ఉంది.. గుంత పూడ్చే మనిషికి ఏదీ? రోడ్డు కూలీల కష్టం వెనుక అసలు లెక్క ఇదీ!

వానాకాలం వచ్చిందంటే చాలు.. మన ఫోన్లలో రెండు రకాల వీడియోలు తిరుగుతాయి. ఒకటి, నీళ్లు నిండిన గుంతలో బైక్ పడిపోయే వీడియో. రెండోది, నలుగురు కూలీలు తట్టలతో కంకర తెచ్చి, ఆ గుంతలో పోసి, పారతో నాలుగు దెబ్బలు కొట్టి వెళ్లిపోయే వీడియో. మొదటి దాని కింద కామెంట్లలో సర్కారును తిడతారు. రెండో దాని కింద కూలీలను తిడతారు. 'ఇదేం పని? రేపటికి లేచిపోతుంది' అని.

నిజమే, లేచిపోతుంది. కానీ ఆ పని అలా ఎందుకు జరుగుతోందో ఆ వీడియోలో కనిపించదు. కెమెరా గుంత మీద ఉంటుంది. గుంతకు గజం దూరంలో దూసుకుపోయే లారీ ఫ్రేమ్‌లోకి రాదు. వంగి పని చేస్తున్న మనిషి వీపు ఆ లారీ వైపే ఉందన్న సంగతి కూడా మనకు తట్టదు.

ఆ ప్యాచ్ నిలవకపోవడానికి, ఆ కూలీ ప్రాణానికి భరోసా లేకపోవడానికి కారణం ఒకటే. ఈ రెండింటినీ విడివిడిగా చూస్తున్నాం కాబట్టే ఏటా అదే గుంత, అదే తిట్టు, అదే కూలీ. అదెలాగో వివరంగా చూద్దాం.

గుంత ఎందుకు పడుతుంది? ఎలా పూడ్చాలి?

తారు రోడ్డుకు అసలు శత్రువు నీళ్లు. పైపొరలో సన్నటి పగులు వస్తుంది. వాన నీళ్లు అందులోంచి కిందికి దిగుతాయి. అడుగున ఉన్న కంకర పొర నానుతుంది. దాని మీద నుంచి లోడు లారీ వెళ్లిన ప్రతిసారీ ఆ నీళ్లు ఒత్తిడితో పైకి చిమ్ముతూ, సన్నటి రాతి పొడిని బయటికి తోసేస్తాయి. కింద డొల్ల అవుతుంది. పైపొర కూలుతుంది. అదే గుంత. డ్రైనేజీ సరిగ్గా లేని చోటే మళ్లీ మళ్లీ పడేది అందుకే.

మరి దాన్ని పూడ్చే పద్ధతి ఏంటి? తారు రోడ్ల నిర్వహణ కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఐఆర్‌సీ 82 పేరుతో నిబంధనలు ఇచ్చింది. పని క్రమం ఇలా ఉంటుంది. ముందు గుంత చుట్టూ గట్టిగా ఉన్న భాగం తగిలే దాకా చతురస్రంగా గానీ, దీర్ఘ చతురస్రంగా గానీ కోయాలి. అంచులు గోడలా నిలువుగా ఉండాలి. లోపలున్న నీళ్లు, మట్టి, వదులు రాళ్లు తీసేసి, ఊడ్చి, ఆరనివ్వాలి. అడుగుకు, అంచులకు తారు ఎమల్షన్ పూయాలి. దీన్నే ట్యాక్ కోట్ అంటారు. కొత్త తారు మిక్స్ పాత రోడ్డుకు అతుక్కునేది దీనివల్లే. ఆ తర్వాత మిక్స్‌ను పొరలు పొరలుగా వేసి, ప్రతి పొరనూ రోలర్‌తోనో, దిమ్మిసతోనో గట్టిగా అదమాలి. పైభాగం రోడ్డు కంటే కాస్త ఎత్తుగా ఉంచితే, బండ్ల బరువుకు సరైన మట్టానికి దిగుతుంది.

ఇదేమీ రాకెట్ సైన్స్ కాదు. ఎన్నాళ్లుగానో రోడ్డు పని చేస్తున్న మేస్త్రీని అడిగితే ఐఆర్‌సీ పేరు తెలియకపోవచ్చు గానీ, ఈ పద్ధతి మాత్రం తడుముకోకుండా చెబుతాడు. మరి తెలిసి కూడా ఎందుకు చేయరు?

లేన్ మూయరు.. అందుకే ప్యాచ్ నిలవదు

పైన చెప్పిన పనులన్నిటికీ కావాల్సినవి రెండే. జాగా, సమయం. కోయడానికి, ఊడ్చడానికి, ఆరనివ్వడానికి, అదమడానికి, మిక్స్ చల్లారే దాకా బండ్లు ఎక్కకుండా ఆపడానికి ఆ లేన్‌ను కాసేపు మూసేయాలి. మన దగ్గర గుంతల పనిలో చాలాసార్లు జరగనిది ఇదే.

రోడ్డు మీద పని జరిగేటప్పుడు ట్రాఫిక్‌ను ఎలా మళ్లించాలో చెప్పడానికి ఐఆర్‌సీ ఎస్‌పీ 55 అని మరో పుస్తకమే ఉంది. దాని ప్రకారం పని జరిగే చోటును నాలుగు భాగాలుగా చూడాలి. చాలా ముందుగా హెచ్చరిక బోర్డులు పెట్టే భాగం, కోన్‌లతో బండ్లను మెల్లగా పక్క లేన్‌లోకి మళ్లించే భాగం, పని జరిగే భాగం, తిరిగి మామూలు దారిలోకి వదిలే భాగం. మెరిసే జాకెట్లు, జెండా పట్టుకుని బండ్లను ఆపే మనిషి, రాత్రయితే లైట్లు.. అన్నీ అందులో ఉన్నాయి.

ఇక మన రోడ్ల మీద చూసేది ఏంటి? పక్కనున్న వేప కొమ్మో, తుమ్మ కొమ్మో నరికి రోడ్డు మధ్యలో పడేస్తారు. నాలుగు రాళ్లు అడ్డం పెడతారు. ఖాళీ తారు డ్రమ్ము ఉంటే అదృష్టమే. కర్రకు ఎర్ర గుడ్డ కట్టి ఒక కుర్రాడు నిలబడతాడు. బండ్లు ఆగవు, హారన్లు ఆగవు. ఈ మధ్యలో గుంతను కోసేదెప్పుడు? ఆరేదెప్పుడు? పారతో మిక్స్ పోసి, నాలుగు దెబ్బలు వేసి, పక్కకు దూకడమే. ఆ దూకడం నైపుణ్యం లేక కాదు.. ప్రాణం మీద తీపితో.

అంటే లేన్ మూయకపోతే పోయేది కూలీ భద్రత ఒక్కటే కాదు. ప్యాచ్ బలం కూడా పోతుంది. తీసుకోని ఆ అరగంట జాగ్రత్తే.. నెల తిరక్కుండా మళ్లీ గుంతై మన బైక్ చక్రం కిందికి వస్తుంది.

పని అయ్యాక ఆ రాళ్లను తీయకుండా వెళ్లిపోవడం కూడా మనకు తెలిసిన తప్పే. రాత్రిపూట వాటిని ఢీకొట్టే ప్రమాదం ఉంటుంది. సరైన కోన్‌లు ఇచ్చి ఉంటే వాటిని వదిలి వెళ్లరు. రాళ్లు కాబట్టే వదిలేస్తారు.

ఒకప్పుడు సర్కారు మస్టర్‌లో.. ఇప్పుడు మేస్త్రీ నోట్‌బుక్‌లో

ఈ తరానికి పెద్దగా తెలియని సంగతి ఒకటుంది. ఒకప్పుడు ఆర్‌అండ్‌బీ శాఖలో గ్యాంగ్ మజ్దూర్లు ఉండేవారు. ఫలానా దారి ముక్క ఫలానా గ్యాంగ్‌ది అన్న లెక్క ఉండేది. వాళ్ల చేతిలో ఎప్పుడూ పార, గంప. వానకు ముందే పక్క కాల్వ తీయడం, అంచుల్లో మట్టి సర్దడం, చిన్న పగులు కనిపించగానే పూడ్చడం వాళ్ల పని. నీళ్లు నిలవకుండా చూసేవాళ్లు ఉంటే గుంత పడేదే తక్కువ.

వీళ్లు కాక ఎన్‌ఎంఆర్‌లు, అంటే మస్టర్ రోల్ మీద రోజుకూలీకి పని చేసేవాళ్లు ఉండేవారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994లో వచ్చిన చట్టం కొత్తగా ఇలా దినకూలీ నియామకాలు చేయకుండా అడ్డుకట్ట వేసింది. ఆ ఏడాదే ఏప్రిల్‌లో వచ్చిన జీవో 212.. 1993 నవంబర్ 25 నాటికి ఐదేళ్ల సర్వీసు పూర్తయిన వాళ్లను కొన్ని షరతులతో పర్మినెంట్ చేసే వీలు కల్పించింది. ఆ గీతకు ఇవతల ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. గ్యాంగ్ పోస్టుల్లో ఉన్నవాళ్లు రిటైర్ అవుతూ పోయారు. వాళ్లు చేసే పని మెల్లమెల్లగా కాంట్రాక్టుల్లోకి మారింది.

పక్క రాష్ట్రం తమిళనాడులో ఇదే కథ మరో రకంగా నడిచింది. అక్కడ హైవేస్ శాఖలోని సుమారు పది వేల మంది రోడ్డు కార్మికులను 2002లో ఒక్కసారిగా తీసేశారు. పెద్ద పోరాటం జరిగింది. 2006లో ప్రభుత్వం మారాక తిరిగి తీసుకున్నారు. అక్కడ గొడవ చేయగలిగారంటే కారణం, వాళ్ల పేర్లు సర్కారు రికార్డులో ఉన్నాయి కాబట్టే.

మన దగ్గర ఇప్పుడు గొలుసు ఎలా ఉంటుందో చూడండి. శాఖ నుంచి కాంట్రాక్టర్‌కు, అక్కడి నుంచి సబ్ కాంట్రాక్టర్‌కు, అక్కడి నుంచి మేస్త్రీకి, చివరికి కూలీకి. టెండర్ దక్కించుకోవడానికి అంచనా కంటే తక్కువకు కోట్ చేసేది పైన. బిల్లులు నెలల తరబడి ఆగేది కూడా పైనే. కానీ ఆ ఒత్తిడి అంతా మెట్టు మెట్టు దిగి చివరి మనిషి కూలి మీద, చెప్పుల మీద, జాకెట్ మీద పడుతుంది. ఆ మనిషి పేరు ఉండేది మేస్త్రీ నోట్‌బుక్‌లోనో, ఫోన్‌పే హిస్టరీలోనో మాత్రమే.

రోడ్డుకు మాత్రం గ్యారంటీ పక్కాగా రాసుకుంటారు. పీఎంజీఎస్‌వై కింద వేసిన రోడ్డును ఐదేళ్ల పాటు అదే కాంట్రాక్టర్ చూసుకోవాలి. హైదరాబాద్‌లో సీఆర్‌ఎంపీ పేరుతో 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లను ఐదేళ్ల నిర్వహణకు ప్రైవేట్ ఏజెన్సీలకు అప్పగించారు. దాని విలువ రూ.1,839 కోట్లు. గుంత పడితే ఎవరు బాధ్యులో ఆ ఒప్పందాల్లో ఉంటుంది. పూడ్చేవాడికి కాలు విరిగితే ఎవరు బాధ్యులో ఆ కూలీకి ఎవరూ చెప్పరు.

పాలమూరు నుంచి జార్ఖండ్ దాకా..

రోడ్డు, ప్రాజెక్టు పనుల్లో తెలుగువాళ్లకు పాత చరిత్రే ఉంది. పాలమూరు లేబర్ అంటే దేశంలో తెలియని డ్యామ్ సైట్ ఉండేది కాదు. మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్స్ ఇస్తాడు. ఆ అప్పు తీరే దాకా కుటుంబం మొత్తం పనికి కదులుతుంది. ఇంట్లో మిగిలేది ముసలివాళ్లు. గుంపు మేస్త్రీ పద్ధతి అంటే అదే. ఉత్తరాంధ్ర నుంచి, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు నుంచీ వలస ఇలాగే సాగింది.

ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖ చుట్టుపక్కల సైట్లలో మన కూలీలతో పాటు ఒడిశా, జార్ఖండ్, బిహార్, ఛత్తీస్‌గఢ్ మనుషులు కనిపిస్తున్నారు. అంటే ఒకప్పుడు మనవాళ్లు పక్క రాష్ట్రాల్లో భాష రాక పడిన ఇబ్బందే, ఇప్పుడు వాళ్లు మన దగ్గర పడుతున్నారు. దెబ్బ తగిలితే ఏ ఆస్పత్రికి వెళ్లాలో తెలియదు. కూలి ఎగ్గొడితే ఏ ఆఫీసులో చెప్పాలో తెలియదు.

ఇందులో ఆడవాళ్ల వాటా కూడా తక్కువేం కాదు. తట్ట మోసేది, ఊడ్చేది, చిప్స్ చల్లేది ఎక్కువగా వాళ్లే. కూలి మాత్రం మగవాళ్ల కంటే తక్కువ. సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం వచ్చింది. కానీ 'ఆడకూలి', 'మగకూలి' అన్న రెండు రేట్లు మేస్త్రీ నోటి నుంచి ఇంకా పోలేదు. పసిబిడ్డ ఉంటే చెట్టుకు చీర ఉయ్యాల కడతారు. చెట్టు లేకపోతే ట్రాక్టర్ ట్రాలీ నీడే గతి.

తారు పనికి ఎండ కావాలి.. మనిషికి నీడ కావాలి

తారు పని పొడిగా ఉన్నప్పుడే బాగా జరుగుతుంది. అందుకే కొత్త పొరలు వేసే పని ఏప్రిల్, మే నెలల్లో జోరందుకుంటుంది. సరిగ్గా మనందరినీ మధ్యాహ్నం బయటికి రావొద్దని ప్రభుత్వం హెచ్చరించే రోజులవి. గాలి 43 డిగ్రీలుంటే నల్లటి రోడ్డు పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. ప్లాంటు నుంచి వచ్చే తారు మిక్స్ వేడి సుమారు 150 డిగ్రీలు. చల్లారితే పనికిరాదు కాబట్టి టిప్పర్ వచ్చిందంటే ఆగడానికి ఉండదు. కింద నుంచి ఒక వేడి, పై నుంచి ఒక వేడి.. మధ్యలో మనిషి. చాలాచోట్ల కాళ్లకు రక్షణ గోనెపట్టా చుట్టుకోవడం, చేతులకు పాత గుడ్డ కట్టుకోవడం. అంతే.

2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు రూ.4 లక్షల సాయం ప్రకటించింది. మంచి నిర్ణయమే. కానీ వడదెబ్బ కొట్టాక ఇచ్చే సాయం వేరు. కొట్టకుండా పని వేళలు మార్చడం, నీడ, నీళ్లు, మజ్జిగ ఏర్పాటు చేయడం వేరు.

పొగ సంగతీ చూడాలి. మనం తారు అని పిలుస్తున్నది నిజానికి పెట్రోలియం నుంచి వచ్చే బిటుమెన్. రోడ్డు పనిలో దీని పొగకు గురికావడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2011లో పరిశీలించింది. 'క్యాన్సర్‌కు కారణం కావొచ్చు' అనే 2బీ జాబితాలో పెట్టింది. దీనర్థం పని చేసిన ప్రతివాళ్లకూ జబ్బు వస్తుందని కాదు. జాగ్రత్తలు లేకుండా ఏళ్ల తరబడి పీల్చడం మంచిది కాదని. దీనికి తోడు ఊడ్చేటప్పుడు లేచే రాతి దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

ఇంకో దారి లేదా? ఉంది. వేడి చేయాల్సిన అవసరం లేని ఎమల్షన్ కోల్డ్ మిక్స్ మీద ఐఆర్‌సీ 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. బస్తాల్లో దొరికే రెడీమేడ్ ప్యాచ్ మిక్స్‌కు కూడా అదే ఏడాది ప్రమాణాలు వచ్చాయి. కాలిన గాయాల భయం తగ్గుతుంది, పొగ తగ్గుతుంది, వానాకాలంలో హాట్ మిక్స్ ప్లాంటు నడవకపోయినా చిన్న గుంతల పని ఆగదు. ధర ఎక్కువన్నది అభ్యంతరం. అదే గుంతను ఏడాదిలో మూడుసార్లు పూడిస్తే అయ్యే ఖర్చును పక్కన పెట్టి చూస్తే, ఆ అభ్యంతరం నిజమే అనిపిస్తుంది!

చట్టం ఉంది.. పది మంది గీత కూడా ఉంది

భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. అందులో 'నిర్మాణం' అంటే భవనాలే కాదు. రోడ్ల మరమ్మతు, నిర్వహణ కూడా వస్తాయని స్పష్టంగా రాశారు. నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్ వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి వాడాలి. 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు, ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపిస్తే సంక్షేమ బోర్డులో చేరొచ్చు.

ఇక్కడే చిక్కుంది. ఈ చట్టం పది మంది, అంతకంటే ఎక్కువ మంది పని చేసే సంస్థలకు వర్తిస్తుంది. గుంతలు పూడ్చే ముఠాలో సాధారణంగా ఎంతమంది ఉంటారు? ఆరుగురు, ఎనిమిది మంది. కాంట్రాక్టర్ కింద ఇలాంటి ముఠాలు ఎన్ని ఉన్నా, ఒక్కో మేస్త్రీ లెక్క విడిగా చూపిస్తే అందరూ గీతకు కిందే ఉండిపోతారు. ఇక 90 రోజుల కాగితం. నెలకో మేస్త్రీ, వారానికో రోడ్డు మారే మనిషికి సంతకం పెట్టేదెవరు?

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఈ పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. కొత్త కోడ్‌లలో కార్మికుడికి నియామక పత్రం ఇవ్వాలని ఉంది. వైద్య పరీక్షల ప్రస్తావన ఉంది. కనీస వేతనం అన్ని పనులకూ వర్తిస్తుంది. కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించాలన్న నిబంధన కూడా ఉంది. కానీ భద్రత కోడ్‌లోనూ మామూలుగా పది మంది గీత అలాగే ఉంది. పైగా కాంట్రాక్ట్ లేబర్ నిబంధనలు వర్తించాలంటే పాత చట్టంలో 20 మంది చాలు.. ఇప్పుడు 50 మంది ఉండాలి. చిన్న ముఠాకు ఈ మార్పు వల్ల ఒరిగిందేంటన్నది సూటి ప్రశ్న.

చనిపోతే 'పాదచారి'..!

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. అందులో గుంతల వల్ల పోయిన ప్రాణాలు 1,856. గుంతలకు విడిగా లెక్క ఉంది. రోడ్డు పనులు జరుగుతున్న చోట ప్రమాదాలకూ ఒక వరుస ఉంది. కానీ చనిపోయినవాళ్లను చూపే పట్టికలో బైకర్, కారు, లారీ, సైకిల్, పాదచారి అని ఉంటుంది తప్ప 'రోడ్డు పని చేస్తున్న కూలీ' అని ఉండదు. డ్యూటీలో ఉన్న మనిషి కాగితం మీద నడుచుకుంటూ వెళ్తున్న మనిషిగా మారే అవకాశమే ఎక్కువ. లెక్కే లేనప్పుడు దాన్ని తగ్గించాలన్న టార్గెట్ ఎక్కడి నుంచి వస్తుంది?

అమెరికాలో వర్క్ జోన్ మరణాలను ఏటా విడిగా ప్రకటిస్తారు. ఏప్రిల్‌లో దీనిపై అవగాహన వారం జరుపుతారు. చాలా రాష్ట్రాల్లో పని జరుగుతున్న చోట స్పీడ్‌గా వెళ్తే జరిమానా రెట్టింపు. అక్కడున్న మన బంధువులను అడిగితే ఆ ఆరెంజ్ బోర్డుల గురించి చెబుతారు. ఇక్కడికి వచ్చి అదే మనిషి కారు నడిపినా, బోర్డే లేకపోతే స్పీడ్ తగ్గించేదెలా?

సుప్రీంకోర్టు ఈ రెండు విషయాలనూ ఒకే ఏడాది పట్టించుకుంది. 2018 డిసెంబర్‌లో జస్టిస్ మదన్ బి.లోకూర్ ధర్మాసనం, 2013 నుంచి 2017 వరకు గుంతల వల్ల 14,926 మంది చనిపోవడంపై ఆందోళన వ్యక్తం చేసింది. అదే ఏడాది మార్చిలో ఆయన ధర్మాసనమే నిర్మాణ కార్మికుల కేసులో తీర్పు ఇచ్చింది. కార్మికుల కోసం వసూలైన వేల కోట్ల సెస్ వాళ్లకు చేరడం లేదని తప్పుపట్టింది. గుంత వార్త మనందరికీ గుర్తుంది. సెస్ వార్త ఎంతమందికి గుర్తుంది?

ఇందులో మీడియా వాటా కూడా ఉంది, దాచుకోవాల్సిన పనిలేదు. 2023 నవంబర్‌లో ఉత్తరాఖండ్‌లోని సిల్‌క్యారా రోడ్డు సొరంగంలో 41 మంది కూలీలు చిక్కుకుంటే 17 రోజులు దేశమంతా టీవీల ముందే కూర్చుంది. పెద్ద యంత్రం ఆగిపోయాక చివరి కొన్ని మీటర్లు చేత్తో తవ్వి వాళ్లను బయటికి తెచ్చింది కూడా కూలీలే. ఆ రోజు చేతి పని విలువ అందరికీ అర్థమైంది. కానీ బైపాస్ పక్కన ఒక్క కూలీని బండి కొట్టేస్తే అది జిల్లా పేజీలో నాలుగు లైన్లు. ఒక్కోసారి పేరు కూడా ఉండదు.. 'వలస కూలీ మృతి' అంతే.

మరి ఏం చేయాలి?

ఏపీలో 2024 నవంబర్ 2న అనకాపల్లి జిల్లా వెన్నెలపాలెంలో ముఖ్యమంత్రి చంద్రబాబు గుంతల రహిత రోడ్ల కార్యక్రమం మొదలుపెట్టారు. సంక్రాంతి నాటికి పూర్తి చేయాలన్నది అప్పటి లక్ష్యం. హైదరాబాద్‌లోనూ ప్రతి వానాకాలం స్పెషల్ డ్రైవ్‌లు ఉంటాయి. ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గుంతలు, ఇన్ని కోట్లు అని ప్రెస్ నోట్ వస్తుంది. ఆ నోట్‌లో ఇంకో నాలుగు వివరాలు అడగడం పెద్ద కోరికేమీ కాదు.

ఒకటి, కోన్‌లు, బోర్డులు, జాకెట్లు, జెండా మనిషి.. వీటికి అంచనాలోనే విడిగా సొమ్ము చూపించి, టెండర్ 'లెస్' నుంచి దాన్ని మినహాయించాలి. లేన్ మూసిన ఫొటో లేకుండా బిల్లు పాస్ చేయకూడదు. ఇప్పటికే పనికి ముందు, తర్వాత జియోట్యాగ్ ఫొటోలు తీస్తున్నారు. 'పని జరుగుతుండగా' అన్న మూడో ఫొటో చేర్చితే చాలు.

రెండు, ముఠా ఎంత చిన్నదైనా కూలీల పేర్లు శాఖ దగ్గర నమోదు కావాలి. పని ఇచ్చిన ఇంజినీర్ ఆఫీసే 90 రోజుల సర్టిఫికెట్ ఇవ్వాలి. సెస్‌ను బిల్లులోనే కోసుకుంటున్న సర్కారుకు, ఆ సెస్ ఎవరి పేరు మీదో రాయడం కష్టమేం కాదు.

మూడు, ప్రమాదాల ఎఫ్‌ఐఆర్ సమాచారంలో, వార్షిక నివేదికలో రోడ్డు కార్మికులకు ప్రత్యేక గడి ఉండాలి.

నాలుగు, మే నెల పని వేళలు. తెల్లవారుజామున, సాయంత్రం పని చేయించి, మధ్యాహ్నం ఆపాలన్నది ఒప్పందంలోనే షరతుగా ఉండాలి.

మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరైనా ఈ పనిలో ఉంటే..

ఇవి తెలుసుకోండి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి కట్టాల్సింది రూ.20. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ప్రమాదంలో చనిపోతే రూ.2 లక్షలు వస్తాయి. గుర్తు తెలియని బండి కొట్టి వెళ్లిపోతే హిట్ అండ్ రన్ పథకం కింద చనిపోయినవాళ్ల కుటుంబానికి రూ.2 లక్షలు, తీవ్రంగా గాయపడితే రూ.50 వేలు ఇస్తారు. దీనికి రెవెన్యూ అధికారులకు దరఖాస్తు చేయాలి. రోడ్డు ప్రమాద బాధితులకు రూ.1.5 లక్షల వరకు, ఏడు రోజుల పాటు నగదు రహిత చికిత్స పథకం 2025 మేలో నోటిఫై అయింది. పని చేస్తుండగా గాయపడినా, చనిపోయినా యజమాని నుంచి నష్టపరిహారం అడిగే హక్కు వేరుగా ఉంది. మేస్త్రీ నోటితో 'మాకు సంబంధం లేదు' అన్నంత మాత్రాన అది పోదు. పని ఎవరిదో తెలిపే బోర్డు ఫొటో, కూలి పడిన ఫోన్‌పే మెసేజ్‌లు డిలీట్ చేయకుండా దాచుకోండి. ఆ కూలీ అక్కడ పని చేశాడనడానికి చాలాసార్లు అవే సాక్ష్యం.

ఇంకోటి. వేడి తారు చర్మం మీద పడితే వెంటనే చల్లటి నీళ్లు ఎక్కువసేపు పోయాలి. అతుక్కున్న తారును పీకొద్దు. కిరోసిన్‌తో రుద్దొద్దు. అలాగే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇక స్టీరింగ్ పట్టుకున్న మనం చేయాల్సింది ఒక్కటే. ముందు ఎర్ర గుడ్డ కనిపిస్తే హారన్ కొట్టడం ఆపి, బ్రేక్ మీద కాలు పెట్టడం. ఆ రెండు నిమిషాల ఆలస్యాన్ని టైమ్ వేస్ట్ అనుకుంటే, మనం వెళ్లే రోడ్డు బాగుపడే పనిని మనమే తొందరపెట్టి పాడుచేస్తున్నట్టు.

ఈసారి మీ వీధిలో గుంత పూడ్చే వీడియో తీస్తే ఫోన్‌ను కాస్త పక్కకు తిప్పండి. కోన్ ఉందా? జాకెట్ ఉందా? జెండా పట్టుకున్న మనిషి ఉన్నాడా? ఆ మూడూ లేకపోతే ఆ ప్యాచ్ ఎన్నాళ్లుంటుందో అప్పుడే చెప్పేయొచ్చు. కామెంట్‌లో తిట్టాల్సింది మాత్రం ఆ పార పట్టుకున్న మనిషిని కాదు.